తోక వంపు చెప్పిన సంగతి: ఇక్తియోసార్లు

పందొమ్మిదో శతాబ్దం తొలి సగంలో ఇంగ్లండు తీరపు రాళ్లలో దొరికిన ఇక్తియోసార్ల, అంటే చేప ఆకారంలో ఉన్న పురాతన సముద్ర సరీసృపాల, అస్థిపంజరాలను పరిశీలించిన వారిని ఒక చిన్న వంపు చాలాకాలం వేధించింది. తలనుంచి తిన్నగా సాగి వచ్చిన వెన్నెముక తోక చివరి భాగంలో ఒక్కసారిగా కిందికి వంగి ఉండేది. ఏదో ఒక అస్థిపంజరంలో అలా ఉంటే, కళేబరం బురదలో కూరుకుపోయేటప్పుడు తోక విరిగిందని సరిపెట్టుకోవచ్చు గాని, వేర్వేరు చోట్ల దొరికిన చాలా అస్థిపంజరాల్లో ఆ వంపు ఇంచుమించు ఒకే చోట కనిపిస్తూ ఉంటే కారణం వెతకక తప్పదు. 1842లో డైనోసార్లకు ఆ పేరు పెట్టిన రిచర్డ్ ఓవెన్, అంతకు నాలుగేళ్ల ముందే ఈ వంపుకు ఒక వివరణ ఇచ్చాడు. ఆ జంతువు తోకకు నిలువుగా ఒక రెక్క ఉండి ఉంటుందని, చచ్చిన తరువాత శరీరం కుళ్లుతున్న దశలో ఆ రెక్క బరువుకు తోక ఎముకలు కీలు తప్పి వంగిపోయి ఉంటాయని ఆయన భావించాడు. కంటికి కనిపించని రెక్కను ఎముకల తీరునుంచి ఊహించడం గొప్ప సంగతి. అయితే వంపు చావు తరువాత వచ్చినదని అనుకోవడం వల్ల, బతికి ఉన్న జంతువు తోకను మాత్రం ఆయన తిన్నగానే ఊహించుకోవలసి వచ్చింది.

లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్ ఉద్యానవనంలో 1854లో బెంజమిన్ వాటర్‌హౌస్ హాకిన్స్ నిలిపిన ఇక్తియోసార్ బొమ్మల్లో ఆనాటి అవగాహన నేటికీ చూడవచ్చు. అవి ఒడ్డుకు ఎక్కి సేద తీరుతున్నట్టు ఉంటాయి. వాటి వీపు మీద రెక్క ఉండదు. కంటి చుట్టూ ఉండే ఎముక పలకలు చర్మం పైకి తేలి కనిపిస్తాయి. ఇవాళ వాటిలో పొరపాట్లు ఎంచడం తేలికే గాని, నాకు ఆ బొమ్మల పట్ల గౌరవమే ఉంది. అప్పటికి చేతికి వచ్చిన ఎముకలు చెప్పగలిగినదంతా వాటిలో ఉంది.

మిగిలిన సంగతి జర్మనీ నైరుతి భాగంలో, ష్టుట్‌గార్ట్ నగరానికి చేరువలో ఉన్న హోల్జ్‌మాడెన్ గ్రామపు గనుల్లో బయటపడింది. అక్కడి నల్లని పలకరాయి సుమారు 18 కోట్ల సంవత్సరాల కిందటి జురాసిక్ సముద్రపు అడుగున పేరుకున్న బురద. ఆ అడుగు నీటిలో ఆక్సిజన్ దాదాపుగా లేనందువల్ల కళేబరాలను పీక్కుతినే జీవులు అక్కడికి చేరలేకపోయాయి. మునిగిన శరీరం మునిగినట్టే బురద కింద భద్రంగా ఉండిపోయింది. ఎముకల చుట్టూ ఉన్న రాయిని తొలిచి పారేయడం అలవాటుగా ఉన్న ఆ రోజుల్లో బెర్న్‌హార్డ్ హౌఫ్ ఓపికగా పనిచేసి, ఎముకల వెలుపల పల్చని నల్లటి పొరగా మిగిలిన చర్మపు ఆనవాలును చెదరనీయకుండా 1892లో ఒక ఇక్తియోసార్‌ను వెలికి తీశాడు. ఆ పలక మీద తోక నెలవంక ఆకారంలో, పైకి ఒక కొన, కిందికి ఒక కొన ఉన్న పెద్ద రెక్కగా కనిపించింది. వెన్నుపూసల వరుస ఆ కింది కొనలోకి దిగి, దాని అంచు వెంబడి చివరిదాకా సాగింది. పై కొనలో ఒక్క ఎముక కూడా లేదు. వీపు మధ్యన త్రికోణాకారంలో నిలిచిన రెక్కలోనూ ఎముక లేదు.

వంపు ఎముకలు కీలు తప్పడం వల్ల వచ్చినది కాదని, ఆ జంతువు పుట్టుకతో వచ్చిన నిర్మాణమని దానితో తేలిపోయింది. సొరచేపలో వెన్నెముక తోక రెక్క పై కొనలోకి ఎక్కుతుంది. ఇక్తియోసార్‌లో కింది కొనలోకి దిగుతుంది. చూపుకు ఒకటిగా ఉన్న రెండు తోకలు లోపల ఒకదానికొకటి తలకిందులన్న మాట. ఇంకా ఆశ్చర్యకరమైన విషయం ఏమిటంటే, ఇక్తియోసార్లతో దగ్గరి చుట్టరికం లేని మోససార్లు అనే సముద్ర సరీసృపాలు కూడా ఇదే దారి పట్టాయి. జోర్డాన్‌లో దొరికిన ఒక మోససార్ శిలాజంలో తోక రెక్క ఆనవాలు చెక్కుచెదరకుండా ఉందని, అందులోనూ వెన్నెముక కిందికే దిగిందని 2013లో ప్రకటించారు. నేల మీది సరీసృపం నడవడానికి వాడిన పొడవాటి తోకను ఈదడానికి పనికివచ్చే రెక్కగా మార్చుకోవలసి వచ్చినప్పుడు రెండు సార్లు ఒకే పరిష్కారం కుదిరింది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. పురాతన కాలపు పెద్ద సరీసృపం ఏది కనిపించినా డైనోసార్ అనడం పరిపాటి అయిపోయింది. డైనోసార్లకు కాళ్లు దేహం కింద నిటారుగా నిలబడతాయి. తుంటి ఎముకలో అందుకు తగిన ప్రత్యేకమైన గుంట ఉంటుంది. ఇక్తియోసార్లు, పొడవాటి మెడల ప్లీసియోసార్లు, మోససార్లు, ఆకాశంలో ఎగిరిన టెరోసార్లు ఆ కుటుంబానికి చెందినవి కావు. మోససార్లైతే నేటి ఉడుములకు, పాములకు దగ్గరి బంధువులు. ఇక్తియోసార్లు సరీసృపాల వృక్షంలో ఏ కొమ్మనుంచి చీలాయో ఇప్పటికీ వాదం తెగలేదు. కాలంలోనూ ఇవి డైనోసార్లకన్నా ముందున్నవి. తొలి డైనోసార్లు సుమారు 23 కోట్ల ఏళ్ల కిందటివైతే, అప్పటికే దాదాపు రెండు కోట్ల ఏళ్లుగా ఇక్తియోసార్లు సముద్రాల్లో తిరుగుతున్నాయి.

వీటిని లోకం దృష్టికి తెచ్చిన వారిలో అందరికన్నా ముందు చెప్పవలసిన పేరు మేరీ ఆనింగ్. ఇంగ్లండు దక్షిణ తీరంలోని లైమ్ రీజిస్ పట్టణంలో, తుఫానులకు విరిగిపడే కొండచరియల కింద శిలాజాలు ఏరి అమ్ముకుని బతికిన కుటుంబం ఆమెది. 1811లో ఆమె అన్న జోసెఫ్‌కు ఒక పెద్ద పుర్రె కనిపించగా, మరుసటి ఏడాది దాని తాలూకు మిగతా అస్థిపంజరాన్ని మేరీ కనుగొంది. అప్పటికి ఆమె వయసు పన్నెండు, పదమూడేళ్లు. తొలుత అందరూ అది మొసలి అనుకున్నారు. 1814లో దానిని శాస్త్రీయంగా వర్ణించిన ఎవరార్డ్ హోమ్ అది ఏ రకం జంతువో తేల్చుకోలేక, రాసిన ప్రతి వ్యాసంలోనూ అభిప్రాయం మార్చుకున్నాడు. 1823లో దాదాపు పూర్తిగా ఉన్న ప్లీసియోసార్ అస్థిపంజరాన్ని వెలికి తీసినదీ మేరీయే. లండన్ జియలాజికల్ సొసైటీ ఆ కాలంలో స్త్రీలను చేర్చుకునేది కాదు. ఆమె తవ్వి, శుభ్రం చేసి, ఎముకకు ఎముక పేర్చి ఇచ్చిన శిలాజాల మీద వ్యాసాలు రాసినవారు చాలాసార్లు ఆమె పేరు కూడా తలచలేదు. ఈ అన్యాయం చదివిన ప్రతిసారీ నాకు బాధ కలుగుతుంది. రాతి అంచున కనిపించిన వేలెడంత ఎముకను చూసి లోపల ఏ జంతువు ఏ భంగిమలో ఉందో గ్రహించగలగడం ఏళ్ల తరబడి చేసిన పరిశీలనతో గాని అబ్బే విద్య కాదు. ఆ విద్య లేకపోతే పై వ్యాసాలకు ఆధారమే లేదు.

ఇక్తియోసార్ సరీసృపమే అనడానికి సాక్ష్యం దాని ముందు కాళ్లలో ఉంది. జురాసిక్ రకాల శిలాజాన్ని దగ్గరగా చూస్తే, భుజం దగ్గర పొట్టిగా, బలిసినట్టున్న ఒక ఎముక కనిపిస్తుంది. అది మన దండచేతి ఎముకే. దాని తరువాత ముంజేతి ఎముకలు రెండూ ఉండవలసిన చోట పొడవు అన్నదే లేని రెండు బిళ్లలు ఉంటాయి. ఆపైన మణికట్టు ఎముకలకు, వేలి ఎముకలకు తేడా చెప్పడం కష్టం. అన్నీ పలుచోట్ల కోణాలు తేలిన చిన్న చిన్న బిళ్లలై, గచ్చు మీద పరిచిన పలకల్లా ఒకదానికొకటి ఒరుసుకుని, కొస వైపుకు పోయేకొద్దీ గుండ్రని పూసలుగా సన్నబడతాయి. మన వేలికి మూడు ఎముకలుంటే, వీటిలో ఒక్కో వేలికి ఇరవైకి పైగా ఎముకలున్న రకాలు ఉన్నాయి. కొన్నింటిలో వేళ్ల వరుసలు కూడా ఐదు దాటిపోయాయి. మోచేయి, మణికట్టు వంగే అవసరం లేకుండా పోవడంతో కాలు మొత్తం గట్టి తెడ్డుగా మారింది. అయినా ఎముకలు వచ్చే వరుస మాత్రం మారలేదు. భుజం వైపు ఒకటి, దాని తరువాత రెండు, ఆ తరువాత మణికట్టు, వేళ్లు: నేల మీద నడిచిన పూర్వీకులనుంచి వచ్చిన ఆ క్రమాన్ని నేటి చేపల్లో చూడలేము.

ఆ పూర్వీకులు నీటిలోకి ఎప్పుడు దిగారన్న ప్రశ్నకు రెండు చోట్ల దొరికిన శిలాజాలు రెండు రకాల జవాబులు సూచిస్తున్నాయి. సుమారు 25.2 కోట్ల ఏళ్ల కిందట పెర్మియన్ యుగం ముగిసేటప్పుడు సముద్ర జీవజాతుల్లో అత్యధిక భాగం నశించింది. ఆ తరువాతి ట్రయాసిక్ తొలినాళ్లకు చెందిన కార్టోరింకస్ అనే చిన్న జంతువును చైనాలోని ఆన్‌హుయ్ రాష్ట్రంలో కనుగొని 2014లో వర్ణించారు. పొడవు అర మీటరు కూడా లేని ఈ జంతువుకు పొట్టి ముట్టె, వంగే వీలున్న పెద్ద తెడ్లు ఉన్నాయి. నేటి సీల్‌లాగా ఇది ఒడ్డు మీద దేకి ఉంటుందని పరిశోధకులు భావించారు. ఇది చూస్తే మహావినాశనం తరువాతే ఈ వంశం నీటిలోకి దిగినట్టు తోస్తుంది. కాని ఆర్కిటిక్ ప్రాంతంలోని స్వాల్‌బార్డ్ దీవుల్లో, ఆ వినాశనం జరిగిన సుమారు 20 లక్షల ఏళ్లకే పేరుకున్న రాళ్లలో దొరికిన తోక వెన్నుపూసలను 2023లో పరిశీలించగా, అవి అప్పటికే నడి సముద్రంలో ఈదడానికి పూర్తిగా అలవాటుపడిన పెద్ద ఇక్తియోసార్‌వని తేలింది. ఇంత తక్కువ వ్యవధిలో అంత మార్పు కుదరదు గనుక, వీటి పూర్వీకులు మహావినాశనానికి ముందే సముద్రంలోకి దిగి ఉండాలన్న వాదన నాకు బలంగా కనిపిస్తోంది. కార్టోరింకస్ అలా ముందే చీలిన వంశంలో తీరాన్ని అంటిపెట్టుకుని మిగిలిన ఒక పాయ కావచ్చు.

దీనికి తోడు అమెరికాలోని నెవాడాలో దొరికిన సింబోస్పాండిలస్ యంగోరమ్ ఉంది. 2021లో ప్రకటించిన ఈ జాతికి పుర్రె ఒక్కటే దాదాపు రెండు మీటర్లు. మొత్తం పొడవు 17 మీటర్లు దాటుతుందని అంచనా. ఇది 24 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందటిది. తిమింగలాలు ఇంతటి దేహాన్ని సంపాదించుకోవడానికి తమ చరిత్రలో సింహభాగం పట్టగా, ఇక్తియోసార్లు తమ చరిత్ర తొలి పేజీల్లోనే ఆ పరిమాణానికి చేరుకున్నాయి.

నన్ను అన్నింటికన్నా ఎక్కువగా కట్టిపడేసే విషయం వీటి కాన్పు. సరీసృపం గుడ్డులోని పిండం పెంకు గుండా గాలి పీల్చుకుంటుంది. ఆ గుడ్డును నీటిలో వదిలితే లోపలి పిల్ల ఊపిరాడక చస్తుంది. అందుకే సముద్రపు తాబేలు ఎంత దూరం ఈదినా గుడ్లు పెట్టడానికి ఇసుక తీరానికి రాక తప్పదు. జురాసిక్ ఇక్తియోసార్ దేహాన్ని చూస్తే అది ఒడ్డుకు ఎక్కగలిగే జంతువు కాదని తెలిసిపోతుంది. మరి అది పిల్లలను ఎలా కన్నది? పెద్ద అస్థిపంజరాల పక్కటెముకల మధ్య చిన్న అస్థిపంజరాలు కనిపిస్తున్నాయని, అవి కడుపులోని పిల్లలే అయివుండవచ్చని 1840ల నాటికే కొందరు రాశారు. కాదు, అవి మింగిన పిల్లలని మరికొందరు వాదించారు. ఈ వాదాన్ని తీర్చింది హోల్జ్‌మాడెన్ పలకలే. అక్కడ స్టెనోప్టెరీజియస్ అనే రకానికి చెందిన గర్భిణుల శిలాజాలు వందకు పైగా దొరికాయి. లోపలి చిన్న ఎముకల మీద జీర్ణరసాలు కొరికిన జాడ లేదు. కడుపులో చేపల, కణవ (స్క్విడ్) జాతి జీవుల అవశేషాలు ఉన్న చోట కాకుండా, వెనక భాగంలో, పిల్లలు ఉండవలసిన చోటే అవి ఉన్నాయి. ఒక్కో తల్లిలో ఒకటి రెండు మొదలుకొని పది వరకు పిల్లలు కనిపిస్తాయి.

ష్టుట్‌గార్ట్ మ్యూజియంలో ఉన్న ఒక పలక మీద తల్లి కటి దగ్గర ఒక పిల్ల దాదాపుగా బయటికి వచ్చేసి ఉంది. తల్లి పక్కటెముకల మధ్య ఇంకా కొన్ని పిల్లలున్నాయి. తల్లి కాన్పు సమయంలోనే చనిపోయిందని చాలామంది రాస్తారు. అలాగే జరిగి ఉండవచ్చు గాని, చచ్చిన తరువాత కళేబరంలో పుట్టిన వాయువుల ఒత్తిడికి పిల్ల బయటికి నెట్టబడి ఉండే అవకాశం కూడా ఉందని నిపుణులు చెబుతారు. ఆ చిత్రం మన మనసును కదిలిస్తుంది కాబట్టి మొదటి కథనే నిజమని పట్టుకోవడం సరికాదు.

జురాసిక్ ఇక్తియోసార్లలో పిల్ల ఎక్కువగా తోక ముందుగా పుట్టేదని తెలుస్తోంది. తల చివరికి బయటపడితే పిల్ల నీటిలో ఊపిరాడక చచ్చే ప్రమాదం తగ్గుతుందని, నేటి తిమింగలాల్లోనూ అలాగే జరుగుతుందని చాలాకాలంగా వివరిస్తూ వచ్చారు. 2014లో వర్ణించిన, చావోహుసారస్ అనే ఇక్తియోసార్ శిలాజం ఒకటి ఈ కథకు కొత్త మలుపు ఇచ్చింది. దాదాపు 24 కోట్ల 80 లక్షల ఏళ్ల కిందటి ఈ తల్లి శిలాజంలో ఒక పిల్ల ఇంకా కడుపులో, ఒకటి కటిలోంచి వెలుపలికి వస్తూ, మరొకటి బయట ఉన్నాయి. వెలుపలికి వస్తున్న పిల్ల తల ముందుగా వస్తోంది. నేల మీద పిల్లలను కనే సరీసృపాల్లో తరచుగా కనిపించే తీరు అది. అంటే గుడ్లు మాని పిల్లలను కనడం వీటికి సముద్రంలో అబ్బిన కొత్త అలవాటు కాకపోవచ్చు. నేల మీద ఉన్నప్పుడే వీటి పూర్వీకులకు ఆ లక్షణం ఉండి, అదే సముద్రంలో స్థిరపడడానికి వీలు కల్పించి ఉండవచ్చు. ఊపిరాడకపోవడం గురించిన పాత వివరణను కూడా 2023లో వెలువడిన ఒక అధ్యయనం ప్రశ్నించింది. పిల్ల ఏ వైపుగా వస్తే తల్లి తేలికగా బయటికి నెట్టగలదు, మోస్తున్నప్పుడు ఈతలో దేహం తూకం ఎలా నిలుస్తుంది అన్నవే అసలు కారణాలు కావచ్చని అది వాదించింది. ఇంత పాత ప్రశ్న ఇంకా సజీవంగా ఉండడం నాకు ఎంతో సంతోషాన్ని ఇస్తుంది.

వీటి కళ్ల గురించి కొంత చెప్పాలి. కనుగుడ్డు లోపల, గుండ్రంగా అమరిన పలుచని ఎముక పలకల వలయం ఒకటి ఉంటుంది. పక్షుల్లో, చాలా సరీసృపాల్లో ఇది మామూలే గాని, ఇక్తియోసార్లలో ఆ వలయపు వ్యాసం చూస్తే నమ్మశక్యం కాదు. నాలుగు మీటర్ల పొడవున్న ఆఫ్తాల్మోసారస్ కంటికి 22 సెంటీమీటర్లకు పైగా వ్యాసం ఉంది. టెమ్నోడాంటోసారస్ కన్ను 25 సెంటీమీటర్లు దాటుతుంది. వెలుతురు చొరని లోతుల్లో వేటాడడానికే ఇంత కన్ను అవసరమై ఉంటుంది. లోతులకు దిగినట్టు మరో సాక్ష్యం కూడా ఉంది: కొన్నింటి కీళ్ల దగ్గర రక్తం అందక ఎముక చచ్చిపోయిన మచ్చలు కనిపిస్తాయి. లోతునుంచి మరీ వేగంగా పైకి వచ్చే గజ ఈతగాళ్ల ఎముకల్లోనూ ఇటువంటి మచ్చలే పడతాయి.

2018లో హోల్జ్‌మాడెన్ స్టెనోప్టెరీజియస్ ఒకదాని చర్మాన్ని రసాయన పరీక్షలకు గురిచేయగా, చర్మం కింద మందమైన కొవ్వు పొర జాడ బయటపడింది. వీపు వైపు ముదురు రంగు, పొట్ట వైపు లేత రంగు ఉండేవని కూడా తెలిసింది. పళ్లలోని ఆక్సిజన్ ఐసోటోపుల (బరువులో తేడా ఉన్న ఆక్సిజన్ పరమాణువుల) ఆధారంగా 2010లో వేసిన లెక్క ప్రకారం వీటి దేహపు ఉష్ణోగ్రత 35 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో ఉండేది. ఈ రెండు ఆధారాలు ఒకదానికొకటి బలమిస్తున్నాయి. చల్లని నీటిలోనూ వెచ్చని దేహంతో చురుకుగా ఈదిన జంతువు ఇది.

అవి ఏమి తిన్నాయో కడుపులే చెబుతాయి. కణవ జాతి జీవుల చేతులకుండే చిన్న కొక్కేలు పోగులు పోగులుగా దొరికాయి. ఆస్ట్రేలియాలో ఒకదాని పొట్టలో తాబేలు పిల్లల ఎముకలతో పాటు పక్షి ఎముక కూడా కనిపించింది. చైనాలోని గ్విజోలో దొరికిన అయిదు మీటర్ల ఇక్తియోసార్ పొట్టలో దాదాపు నాలుగు మీటర్ల పొడవున్న మరో సముద్ర సరీసృపపు మొండెం ఉంది. ఆ వేటగాడి పళ్లు మొద్దుబారినవి. అటువంటి పళ్లున్న జంతువు మెత్తని ఎరలే తింటుందని అంతవరకు రాసుకున్న అంచనాలను 2020లో వెలువడిన ఈ ఒక్క శిలాజం మార్చివేసింది.

పరిమాణంలో అన్నింటినీ మించినది ఇక్తియోటైటన్. ఇంగ్లండులోని సోమర్సెట్ తీరంలో 2020లో ఒక పదకొండేళ్ల బాలిక, ఆమె తండ్రి గుర్తించిన దవడ ఎముక ముక్కలను ఏళ్ల తరబడి ఏరి, అతికి చూస్తే అది రెండు మీటర్లు దాటింది. సుమారు 20 కోట్ల ఏళ్ల కిందటి ఈ జంతువు 25 మీటర్ల దాకా పెరిగి ఉండవచ్చని 2024లో అంచనా కట్టారు. ఒక్క దవడ ఎముకనుంచి మొత్తం దేహపు పొడవు లెక్కించడంలో తేడా వచ్చే వీలు ఎక్కువ గనుక, పుర్రెతో, వెన్నుపూసలతో పాటు మరో నమూనా దొరికేదాకా ఈ అంకెను జాగ్రత్తగా వాడడం మంచిది. గుజరాత్‌లోని కచ్ ప్రాంతంలో 2017లో ప్రకటించిన జురాసిక్ ఇక్తియోసార్ ఇంత పెద్దది కాదు, అయిదున్నర మీటర్లే. కాని ఎముకలు చాలావరకు ఉన్న చోటే అమరి ఉండడం వల్ల దాని విలువ ఎక్కువ.

ఇవి డైనోసార్లతో పాటు 6.6 కోట్ల ఏళ్ల కిందట అంతరించాయని చాలామంది అనుకుంటారు. నిజానికి సుమారు తొమ్మిది కోట్ల ఏళ్లకు ముందే, క్రెటేషియస్ యుగం నడిమధ్యలో వీటి కథ ముగిసింది. మోససార్లు వచ్చి వీటిని తరిమేశాయన్న మాట నిలవదు. మోససార్లు పెద్ద వేటగాళ్లుగా ఎదిగింది ఆ తరువాతే. వెతికి చూస్తే, చివరి దశలోనూ ఇక్తియోసార్లలో రకాలు తక్కువేమీ కాదని, అయితే కొత్త రూపాలు పుట్టే వేగం బాగా మందగించిందని 2016లో ఒక విశ్లేషణ తేల్చింది. అదే సమయంలో భూమి వేడెక్కి, సముద్రాల లోతుల్లో ఆక్సిజన్ పడిపోయి, వాతావరణం తరచూ మారుతూ వచ్చింది. ఒక దెబ్బకు కాకుండా రెండు విడతలుగా, మొదట కొన్ని ప్రత్యేకమైన వేట పద్ధతులున్నవి, ఆ తరువాత మిగిలినవి కనుమరుగయ్యాయి.